భయపడ్డవాణ్ణి గడప బయట నిలబెట్టకండి

సింగపూర్‌లోని తెలుగు భజన మండళ్ళ, సత్సంగాల, చర్చి సహవాసాల, పండగ కమిటీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పెద్దలకు,

 

మీలో ఒక కమిటీ ఈమధ్య ఒక నిర్ణయం చేసింది. ఆ కమిటీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ నిర్ణయం వెనకున్న ఆలోచన మీలో చాలామందిది కాబట్టి ఈ ఉత్తరం అందరికీ రాస్తున్నాను. మేం కొందరం అడిగింది చిన్న విషయం. ఆదివారం కార్యక్రమం అయిపోయాక హాలు పక్క గది ఒక గంట సేపు ఇమ్మన్నాం. భయంతోనో దిగులుతోనో నలిగిపోతున్న తెలుగువాళ్ళు వచ్చి మనసు విప్పి చెప్పుకోవడానికి ఒక చోటు, వినడానికి శిక్షణ తీసుకున్న ఇద్దరు మనుషులు. ఖర్చు లేదు, కరపత్రం లేదు, వేదిక లేదు. మీ జవాబు రెండు ముక్కల్లో వచ్చింది. "దేవుణ్ణి నమ్మినవాళ్ళకి ఇలాంటివి అవసరం లేదు. పైగా ఇలాంటివి పెడితే మన సంస్థ గురించి బయట నాలుగు రకాలుగా అనుకుంటారు."

ఆ జవాబు నేను ఒప్పుకోలేను. దేవుడి మీద నమ్మకం లేక అంటున్న మాట కాదిది. మీ హాళ్ళలోనే కూర్చుని మొక్కుకునే మనిషిని నేను. నమ్మకం పేరు చెప్పి మీరు వేసిన తలుపు ఎవరి మొహాన పడిందో మీకు తెలియాలి.

ముందుగా ఒక ప్రశ్న. నమ్మినవాడికి భయం ఉండదని మీకు ఏ గ్రంథం చెప్పింది?

భగవద్గీత తెరవండి. మొదటి అధ్యాయం ముగిసేసరికి, అంతటి విలుకాడు రథంలో కూలబడి ఉంటాడు. నోరెండిపోయింది, ఒళ్ళు వణికింది, చేతిలోంచి గాండీవం జారింది. తన గోడంతా వెళ్ళబోసుకునేదాకా కృష్ణుడు అడ్డు తగల్లేదు. రెండో అధ్యాయం మొదట్లో మందలించాడు, నిజమే. అయితే మందలించి రథం దిగి వెళ్ళిపోయాడా? 18వ అధ్యాయం దాకా పక్కనే ఉన్నాడు. అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబిచ్చాడు, అడిగిందే మళ్ళీ అడిగినా విసుక్కోలేదు. మీరు మందలింపు ఒక్కటే నేర్చుకుని మిగతాదంతా వదిలేశారు.

బైబిలు తెరవండి. ఏలీయా కన్నా పెద్ద ప్రవక్త ఎవరు? కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూసిన మనిషి, యెజెబెలు పంపిన బెదిరింపు వినగానే ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయాడు. ఒక చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. అక్కడికి వచ్చిన దేవదూత ప్రసంగం చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె చూపించాడు, తలదగ్గర నీళ్ళు ఉంచాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. కాసేపటికి మళ్ళీ లేపి తినమన్నాడు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు తన వేదనను ఎవరి దగ్గరా దాచలేదు. ముగ్గురు శిష్యుల్ని వెంటబెట్టుకెళ్ళి, తనతోపాటు కాస్త మెలకువగా ఉండమని అడిగాడు. వాళ్ళు నిద్రపోయారు. పెద్దలారా, ఆ రాత్రి కథలో ఇవాళ మీరు ఎవరి పక్కన ఉన్నారు?

మన రామదాసునే తీసుకోండి. పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో ఏళ్ళ తరబడి మగ్గాడు. ఆ చీకట్లో రాముణ్ణి కొలవడంతో ఆగలేదు. నిలదీశాడు, దెప్పాడు, చేయించిన నగల లెక్కలు ఏకరువు పెట్టాడు. ఆ కీర్తనలే శ్రీరామనవమికి మీరు పిల్లల చేత మైకులో పాడించి చప్పట్లు కొట్టిస్తారు. అదే బాధ ఇవాళ వలస కార్మికుల డార్మిటరీలో ఉండే ఒక కుర్రాడు రాగం లేకుండా చెప్పుకుంటే, అది నమ్మకం తక్కువైన మాట ఎలా అయింది?

మీకు 2020 గుర్తుందనే అనుకుంటాను. జనవరి 23న ఈ దేశంలో మొదటి కోవిడ్ కేసు బయటపడింది. ఏప్రిల్ 5న పుంగోల్‌లోని ఎస్ 11, టో గువాన్‌లోని వెస్ట్‌లైట్ డార్మిటరీలను ఐసొలేషన్ ప్రాంతాలుగా ప్రకటించారు. దాదాపు 20,000 మంది కార్మికులు ఉన్నచోటే ఉండిపోయారు. రెండు రోజులకి దేశమంతటికీ సర్క్యూట్ బ్రేకర్ పేరుతో లాక్‌డౌన్ వచ్చింది, జూన్ 1 దాకా నడిచింది. మనం ఫ్లాట్లలో తలుపులు వేసుకుని భద్రంగా ఉన్నాం. వాళ్ళు రెండంతస్తుల ఇనప మంచాల మధ్య, పదిమంది ఊపిరి పీల్చే గదిలో ఉన్నారు. డార్మిటరీల్లో ఉంటున్న 3,23,000 మందిలో 47 శాతం మందికి ఆ వైరస్ సోకిందని ఏడాది చివర ప్రభుత్వమే లెక్క చెప్పింది. మిగతా ఊరు మెల్లగా రోడ్డెక్కినా డార్మిటరీ మనిషికి ఆ అదృష్టం లేదు. లిటిల్ ఇండియా దాకా వెళ్ళి రావడానికి అనుమతి 2021 సెప్టెంబరులో, అదీ వారానికి 500 మందికి మించకుండా, ప్రయోగంగా మొదలైంది.

అన్ని నెలలు ఆ మంచం మీద కూర్చున్నవాడి గుండెలో ఏం జరిగి ఉంటుంది? ఇక్కడికి రావడానికి ఏజెంటుకి కట్టిన డబ్బు ఊళ్ళో వడ్డీకి తెచ్చినది. పని ఆగినా వడ్డీ ఆగదు. పక్క మంచం వాణ్ణి అంబులెన్సు తీసుకెళ్ళింది, ఎప్పుడొస్తాడో తెలీదు. టీవీలో వార్త చూసి అమ్మ ఫోను చేస్తుంది. "బాగానే ఉన్నానమ్మా, ఇక్కడ అన్నీ పెడుతున్నారు" అని చెప్పి, ఫోను పెట్టేసి, దుప్పటి ముసుగు కప్పుకుంటాడు. వలస కార్మికుల మానసిక ఆరోగ్యం కోసం మానవవనరుల మంత్రిత్వ శాఖ 2020 నవంబరులో ప్రాజెక్ట్ డాన్ పేరుతో ఒక బృందాన్నే పెట్టాల్సి వచ్చింది. 2006 నుంచి వలస కార్మికులకు వైద్యం చూస్తున్న హెల్త్‌సర్వ్ లాంటి సంస్థలు కౌన్సెలింగ్‌కి కూడా మనుషుల్ని పెట్టాయి. ప్రభుత్వానికి కనిపించిన భయం, డాక్టర్లకి కనిపించిన భయం, దేవుడి పేరు మీద కూడుకునే మీకు ఎందుకు కనిపించలేదు?

ఆ భయం 2020తో పోలేదు. తెలుగు తప్ప వేరే భాష సరిగా రాని కార్మికులకి క్లినిక్‌లో అప్పుడప్పుడు మాట సాయం చేస్తుంటాను. ఒకసారి శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు వచ్చాడు. షిప్‌యార్డులో వెల్డింగ్ పని. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. రాత్రిళ్ళు నిద్ర లేదు, గుండె దడ, అన్నం సయించడం లేదు. మోకాలి మీద ఫోను, అందులో సగంలో ఆపిన ఒక ప్రసంగం వీడియో. నెంబరు పిలిచే ముందు నా వైపు వంగి, "అక్కా, నిద్ర పట్టట్లేదని మాత్రం చెప్పు. భయమని చెప్పకు" అన్నాడు. ఎందుకని అడిగితే ముందు కంపెనీ మాట ఎత్తాడు. తెలిస్తే పర్మిట్ క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తారేమోనట. కాసేపాగి అసలు సంగతి చెప్పాడు.

"మా కూటంలో పెద్దాయన చెప్పాడక్కా, భయం వచ్చిందంటే విశ్వాసం సడలినట్టేనని. రోజూ మోకాళ్ళ మీదే ఉంటున్నాను. మరి దడ ఎందుకు తగ్గట్లేదు?"

ఈ ప్రశ్నకి మీలో ఎవరైనా జవాబు చెప్పగలరా? కంపెనీ పంపేస్తుందన్న భయం ఆ కుర్రాడికి సైటులో అంటుకుంది, ఏజెంటు దగ్గర అంటుకుంది, లారీలో పక్కన కూర్చున్నవాడి కబుర్లలో అంటుకుంది. దేవుడు తనని వదిలేశాడేమోనన్న భయం మాత్రం మీ మైకు ముందు అంటుకుంది. వచ్చినప్పుడు ఒక భయంతో వచ్చినవాణ్ణి రెండు భయాలతో తిప్పి పంపారు. దీన్ని ఏ సేవ ఖాతాలో రాసుకుంటారు?

భజన మండళ్ళ పెద్దలు "అది చర్చి సంగతి కదా" అని పక్కకి తప్పుకోవద్దు. మన వైపు ఇదే మాట వేరే బట్టలు కట్టుకుని తిరుగుతోంది. మనిషి దిగులుగా ఉన్నాడంటే శని నడుస్తోందంటారు, మొక్కు మర్చిపోయారేమో గుర్తు చేసుకోమంటారు, ఫలానా హోమం చేయిస్తే సర్దుకుంటుందంటారు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉన్నవాళ్ళ సంగతి మీకు తెలియనిదా? ఉద్యోగం పోయి పాస్ రద్దయితే చేతిలో ఉండేది 30 రోజులు. ఆ 30 రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదంటే అద్దె ఒప్పందం తెంచుకోవాలి, పిల్లల్ని బడి మాన్పించాలి, సామాను ఎత్తాలి. 2023 సెప్టెంబరు నుంచి కొత్త పాస్ ఇవ్వడానికి చూసే కంపాస్ పాయింట్ల లెక్క కూడా దానికి తోడయింది. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని పొద్దున్నే ఎంఆర్‌టీ ఎక్కి, సాయంత్రం దాకా లైబ్రరీలో కూర్చుని ఇంటికి చేరే మగాళ్ళు మన మధ్య ఉన్నారు. ఆదివారం వాళ్ళే సత్యనారాయణ వ్రతానికి వచ్చి పీటల పక్కన కూర్చుంటారు. అక్కడ మనం అడిగేదేమిటి? "పీఆర్ వచ్చిందా? బోనస్ ఎంత ఇచ్చారు? బాబుకి పీఎస్ఎల్‌ఈలో ఎంతొచ్చింది?" చివర్లో ప్రసాదం చేతిలో పెట్టి, "అంతా ఆయనే చూసుకుంటాడు" అని పంపేస్తాం. ఆయన చూసుకుంటాడు, సందేహం లేదు. ఆయన ఎవరి కళ్ళతో చూడాలి? పక్కన కూర్చున్న మన కళ్ళు ఎటు పోయాయి?

మీ ప్రసంగాల్లో తరచుగా వినిపించే హితవు ఒకటుంది. గుండెను భద్రంగా కాపాడుకొమ్మంటారు. సామెతల గ్రంథంలో ఆ బోధ ఉంది. మనసును అదుపులో పెట్టుకొమ్మని గీతా చెప్తుంది. నాకు దానితో పేచీ లేదు. భయం పట్టుకున్న రోజుల్లో దాన్ని మించిన సలహా లేదు కూడా. అయితే గుండెను కాపాడుకోవడమంటే దాన్ని ఎవరికీ చూపించకుండా బిగించుకోవడమని మీరు నేర్పిస్తున్నారు. కాపలా ఉండాల్సింది లోపలికి వచ్చేవాటి మీద. అర్ధరాత్రి చూసే వీడియో మీద, ఎవరో పంపిన పుకారు మీద, మనిషి విలువని జీతంతో కొలిచే మాటల మీద ఉండాలి. బయటికి పోవాల్సిన కన్నీళ్ళ మీద కాపలా పెట్టి, లోపలికి వచ్చే విషాన్ని వదిలేస్తే అది వీధి తలుపుకి తాళం వేసి కిటికీలు బార్లా తెరిచినట్టుంటుంది.

పైగా ఆ విషం చాలాసార్లు మీ గ్రూపుల గుండానే వస్తోంది. 2020 ఫిబ్రవరి 7న ప్రభుత్వం ప్రమాద స్థాయిని ఆరెంజ్‌కి పెంచిన సాయంత్రం గుర్తు తెచ్చుకోండి. సూపర్ మార్కెట్లలో బియ్యం, నూడుల్స్, టాయిలెట్ పేపరు అరలు ఖాళీ అయిపోయాయి. మర్నాడు అప్పటి ప్రధాని లీ సియన్ లూంగ్ ఇంగ్లీషులో, మాండరిన్‌లో, మలయ్‌లో మాట్లాడి, వైరస్ కన్నా భయమే ఎక్కువ హాని చెయ్యగలదని ప్రజలకి నచ్చజెప్పాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మన భక్తి గ్రూపుల్లో ఏం తిరిగింది? ఇది దేవుడి శిక్ష అని ఒకటి, ఇదంతా ఎప్పుడో రాసి పెట్టి ఉందని ఒకటి, ఆవిరి పట్టుకుంటే దరిదాపులకి రాదని ఒకటి, ఈ సందేశం 11 మందికి పంపకపోతే కీడు జరుగుతుందని ఇంకొకటి. అడ్మిన్లు ఎవరు? మీరే. ఒక్కదాన్నయినా తీసేశారా? పంపినవాళ్ళని ఒక్కమాటైనా అడిగారా? గుండెను కాపాడుకొమ్మని ఆదివారం చెప్పి, సోమవారం నుంచి శనివారం దాకా ఆ గుండెలోకి భయం పోస్తుంటే ఏ దేవుడు హర్షిస్తాడు?

ఈ దేశంలోనే, ఆ రోజుల్లోనే, మతపెద్దలు ఇంకోలా ప్రవర్తించారు. ఫిబ్రవరిలో రెండు చర్చిల్లో కేసులు బయటపడ్డాక, 15వ తేదీ నుంచి క్యాథలిక్ ఆర్చిడయోసిస్ మాస్‌లు ఆపేసింది. మార్చి 13 నుంచి మసీదులు మూశారు, శుక్రవారం జుమా లేకుండానే గడిచింది. 2021 తైపూసానికి సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడి నుంచి ట్యాంక్ రోడ్డు దాకా ఏటా సాగే పాదయాత్ర లేదు, కావడులు లేవు. వాళ్ళకి దేవుడి మీద నమ్మకం తక్కువై మూశారా? భక్తుడి ప్రాణం మీద బాధ్యత ఉందని మూశారు. నమ్మకానికీ జాగ్రత్తకీ పొత్తు కుదురుతుందని చూపించారు. మనుషుల్ని కాపాడటానికి తలుపులు మూసే ధైర్యం వాళ్ళకుంది. అదే మనుషుల కోసం ఒక గది తలుపు తెరవడానికి మీకు జంకు దేనికి?

ఇంకా వెనక్కి వెళ్తాను. 1942లో జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేస్తున్నప్పుడు, సెరంగూన్ రోడ్డులోని వీరమాకాళియమ్మన్ గుళ్ళో జనం తలదాచుకున్నారు. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోవడానికి ముందు రోజుల్లో సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్ గాయపడ్డవాళ్ళకి ఆసుపత్రి అయింది. భయంతో పరుగెత్తుకొచ్చినవాళ్ళని వాకిట్లో నిలబెట్టి "నీ నమ్మకం ఎంత?" అని అడిగారా? ఈ ఊళ్ళో దేవుడి ఇళ్ళకి ఆ పేరు ఉంది, ఆ చరిత్ర ఉంది. మనం ఆ వీధుల్లోనే కొబ్బరికాయలు కొంటున్నాం. ఆ చరిత్రకి వారసులం అనిపించుకోవాలన్న ఆశ మీకు లేదా?

ఇక మీరు చెప్పే అభ్యంతరాల సంగతి.

"మేం డాక్టర్లం కాదు" అంటారు. వైద్యం చెయ్యమని మిమ్మల్ని ఎవరడిగారు? వినమన్నాం. విన్నాక, చెయ్యిదాటిన పరిస్థితి అయితే చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గరికి పంపమన్నాం. జ్వరం వచ్చినవాణ్ణి "ముందు ప్రార్థన చేద్దాం, తర్వాత క్లినిక్‌కి వెళ్దువుగాని" అని మీరే అంటారు కదా. దడకీ నిద్రలేమికీ ఆ రెండో వాక్యం ఎందుకు మింగేస్తున్నారు? మీలో బీపీ మాత్ర వేసుకోనివాళ్ళు ఎంతమంది? ఆ మాత్ర వేసుకున్నప్పుడు మీ నమ్మకానికి ఏ లోటూ రాలేదు. మనసుకి మందు వేసుకుంటేనే వస్తుందా?

"ఇక్కడ ప్రభుత్వ సదుపాయాలు ఉన్నాయిగా, మనమెందుకు?" అంటారు. ఉన్నాయి. రాత్రనక పగలనక పలికే 1767 సమరిటన్స్ ఆఫ్ సింగపూర్ నెంబరు ఉంది. 2025లో ప్రభుత్వం 1771 అనే జాతీయ మైండ్‌లైన్ పెట్టింది. ఆ నెంబర్లు మీ నోటీసు బోర్డు మీద ఉన్నాయా? కల్యాణం ఆహ్వానంలో దాతల పేర్లకి దొరికిన చోటు వీటికి దొరికిందా? ఈ దేశానికి నాలుగు అధికార భాషలు. ఇంగ్లీషు, మాండరిన్, మలయ్, తమిళం. తెలుగు వాటిలో లేదు. లెక్కలు, లావాదేవీలు మనిషి ఏ భాషలోనైనా నెట్టుకొస్తాడు. భయం చెప్పుకోవడానికి మాత్రం అమ్మతో మాట్లాడిన భాషే కావాలి. ఆ భాషలో నలుగురు కూడే చోటు ఈ ఊళ్ళో మీ హాలే. ఆ బాధ్యతని మీరు వద్దన్నా అది మీ మీదే ఉంది.

"బయటివాళ్ళు ఏమనుకుంటారో" అంటారు. ఇది మీ జవాబులోని రెండో ముక్క, నా దృష్టిలో అసలు కారణం కూడా ఇదే. మన తెలుగువాళ్ళంతా ఇక్కడ చల్లగా ఉన్నారని, ఊళ్ళో ఇళ్ళు కడుతున్నారని, ఉగాదికి పట్టుపంచెలు కట్టి ఫొటోలు దిగుతున్నారని లోకానికి కనపడాలి. ఆ ఫొటోలో ఏడుస్తున్న మొహం ఉండకూడదు. అంతేనా? ఈ దేశమే ఆ సిగ్గు వదిలేసింది. ఆత్మహత్యకు ప్రయత్నించడం ఇక్కడ 2020 జనవరి 1 నుంచి నేరం కాదు. శిక్ష కన్నా సాయం ముఖ్యమని చట్టమే దిగొచ్చింది. ఈ సంగతి మన కార్మికుల్లో ఎంతమందికి తెలుసు? మనసులో చెడు ఆలోచన వచ్చిందని నోరు విప్పితే పోలీసులు పట్టుకెళ్తారని భయపడేవాడికి, అలా కాదని తెలుగులో చెప్పే దిక్కు ఎవరు? పర్మిట్ మీద ఉన్న కార్మికుడి వైద్యం ఖర్చు భరించాల్సింది యజమానేనని వాడికి ఎవరు చెప్పాలి? చట్టానికి ఉన్నపాటి కనికరం మన కమిటీలకి లేదని రేపు ఎవరైనా అంటే, అప్పుడు పోయే పేరు సంగతి ఆలోచించారా?

మీలో మంచివాళ్ళు లేరని నేననడం లేదు. పాడె మోయడానికి మనిషి లేని చోట మీరున్నారు. చనిపోయిన కార్మికుడి శవాన్ని ఊరికి పంపడానికి చందాలు పోగుచేసిన చేతులు మీవి. అదే నన్ను ఎక్కువ బాధిస్తుంది. చనిపోయాక అంత శ్రద్ధ చూపించగలిగినవాళ్ళు, బతికి ఉన్నప్పుడు ఒక గంట కూర్చుని వినలేరా? శవపేటికకి విమానం టికెట్టు కొనే సమాజం, ఆ మనిషికి నిద్ర పట్టని రోజుల్లో ఒక కుర్చీ వెయ్యలేదా?

కాబట్టి అడుగుతున్నాను. మీ వేదికల మీద భయాన్ని అవిశ్వాసంతో ముడిపెట్టే మాట ఇకమీదట వినపడకూడదు. ఊరి నుంచి టికెట్టు పెట్టి రప్పించే ప్రసంగీకులకీ, ప్రవచనకారులకీ ఆ మాట ముందే చెప్పండి. భయం వచ్చినవాడు దేవుడికి దూరం కాడని, భయంతోనే దేవుడి దగ్గరికి రావచ్చని, గజేంద్రుడు బలం ఉన్నంతసేపూ కాదు, బలం ఉడిగాకే పిలిచాడని చెప్పండి. ఆ పిలుపు విన్న హరి, ఇన్నాళ్ళూ ఎందుకు పిలవలేదని లెక్కలు అడగలేదు. పరుగున వచ్చాడు.

మీ గ్రూపుల్లో దేవుడి పేరుతో వచ్చే బెదిరింపుల్ని, ఆధారం లేని వైద్యాల్ని వచ్చిన గంటలోనే తీసెయ్యండి. తీసేస్తే పంపినవారు నొచ్చుకుంటారని మొహమాటపడొద్దు. అవతల నిద్రపట్టక ఫోను చూస్తున్నవాడి నొప్పి అంతకన్నా పెద్దది. ఆ రెండు సహాయ నెంబర్లూ హాలు గుమ్మం దగ్గర, పెద్ద అక్షరాల్లో, తెలుగులో పెట్టించండి.

ఆ గది ఇవ్వండి. అందులో కూర్చునేవాళ్ళు శిక్షణ తీసుకున్నవాళ్ళే ఉండాలి. చెప్పినది ఆ గోడలు దాటకూడదు, కమిటీ సభ్యులకి కూడా తెలియకూడదు. ఆడవాళ్ళు వస్తే వినడానికి ఒక ఆడమనిషి ఉండాలి. భర్త పాస్ మీద వచ్చి, పనిచేసే అనుమతి లేక, నాలుగ్గోడల మధ్య కుమిలిపోతున్న ఆడపిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ళ సంగతి ఏ ఎజెండాలోనూ రాలేదు. డార్మిటరీ నుంచి ఆదివారం కూడా రాలేనివాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళండి. పులిహోర పొట్లాలతోపాటు ఒక అరగంట కూడా తీసుకెళ్ళండి. ఫొటోగ్రాఫరుని ఇంటి దగ్గరే వదిలెయ్యండి.

దేవుణ్ణి నమ్ముకోమని మాకు చెప్పే హక్కు మీకుంది. ఆ హక్కుతోపాటే ఒక బాధ్యతా వచ్చింది. కంటికి కనపడని ఆయన్ని నమ్మమని మాకు చెప్తున్నవాళ్ళు, ముందు కంటికి కనపడే మీరు నమ్మదగినవాళ్ళని చూపించాలి. నా భయం మీ దగ్గర చెప్పుకుంటే అది వారం తిరక్కుండా కాఫీ కప్పుల మధ్య తిరగదని నాకు ధీమా ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే మీ ప్రసంగాలకి తల ఊపుతూ కూర్చునే జనం, లోపల మాత్రం ఒంటరిగానే ఉంటారు.

వచ్చే కమిటీ సమావేశంలో ఈ విషయాన్ని మళ్ళీ చర్చకి పెట్టండి. ఈసారి క్లినిక్‌లో నా పక్కన కూర్చున్న ఆ కుర్రాడి వయసున్న కార్మికుణ్ణి ఒకణ్ణి, ఉద్యోగం పోయి తిరుగుతున్నవాణ్ణి ఒకణ్ణి, ఇంట్లో ఒంటరిగా ఉంటున్న ఇల్లాలిని ఒకరిని కూడా పిలిచి వాళ్ళ ఎదురుగా నిర్ణయం చెయ్యండి. గది ఇస్తామంటే మా తరఫున మనుషులు సిద్ధంగా ఉన్నారు. ఇవ్వం అంటే అదీ చెప్పండి. కాకపోతే ఆ కారణాన్ని దేవుడి మీదికి నెట్టకుండా మీ మాటగా రాసి, కింద మీ పేర్లతో సంతకాలు పెట్టి, నోటీసు బోర్డు మీద అంటించండి.

ఇట్లు,
మీ సభ్యుల్లో ఒకరు,
సింగపూర్